42 ఏళ్ల వయసులో స్కీయింగ్ నేర్చుకోవచ్చా? ఔలీ వెళ్లినవారు చెప్పండి

ప్రశ్న: తార్నాక నుంచి

అందరికీ నమస్కారం. నాకు 42 ఏళ్లు, మా అమ్మాయికి 13. జనవరిలో ఇద్దరం కలిసి స్కీయింగ్, అంటే మంచు వాలు మీద జారడం, నేర్చుకోవాలనుకుంటున్నాం. ఇంతవరకు మేము మంచు చూసింది లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌లోనే. కొందరు కశ్మీర్‌లోని గుల్మార్గ్ అంటున్నారు, కొందరు ఉత్తరాఖండ్‌లోని ఔలీ అంటున్నారు. మాకు పెద్ద కొండలు వద్దు. ఓపికగా నేర్పేవాళ్లుండే చిన్న చోటు చాలు. పడితే ఎలా అన్న భయం మాత్రం ఉంది. ఇక్కడి నుంచే సామాను కొని తీసుకెళ్లాలా?

జవాబు: సైనిక్‌పురి నుంచి

తప్పకుండా వెళ్లండమ్మా. నేను 46వ ఏట ఔలీలో 7 రోజులు నేర్చుకున్నాను. ఆ వారం నాకు ఇప్పటికీ ప్రాణం.

స్కీలు (కాళ్లకు తగిలించుకునే పొడవాటి జారుడు పలకలు), బూట్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి, ఏమీ కొనకండి. అయితే బూటు ఎంచుకోవడానికి ఎంతసేపు పట్టినా మొహమాటపడకండి. నిలబడితే వేళ్లు ముందు గోడకు తగిలీ తగలనట్లుండాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. చలికి భయపడి నేను రెండు జతల మేజోళ్లు వేసుకున్నాను. పాదం బిగుసుకుని గంటలో వేళ్లు మొద్దుబారాయి. ఒక్క జతే వేసుకోండి, పొడుగాటి ఊలువి.

మొదటి రోజు మాకు జారడం నేర్పలేదు, ఆగడం నేర్పారు. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి, లోపలి అంచులను మంచులోకి నొక్కాలి. దాన్ని స్నోప్లౌ అంటారు. భయం వేయగానే ఒళ్లు వెనక్కి వాలుతుంది. అప్పుడు బరువు మడమల మీద పడి, స్కీలు మన మాట వినవు. పిక్క ముందు ఎముక బూటు నాలుకను నొక్కుతూ ఉండాలి. నేర్పిన కుర్రాడు నా పక్కనే వెనక్కి నడుస్తూ, అదే మాట ఎన్నిసార్లు చెప్పాడో! మూడో రోజు మధ్యాహ్నం కుడి కాలి మీద బరువు వేయగానే ఎడమకు తిరిగాను. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. ఏడుపొచ్చింది.

జనవరి కన్నా ఫిబ్రవరి నయం. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో కూడా చాలా రోజులు మంచే లేదు. ఔలీకి దిగువనున్న ఊరు జోషీమఠ్ నుంచి పైకి వెళ్లే రోప్‌వేను, నేల కుంగడంతో 2023 జనవరిలో ఆపేశారు. కాబట్టి రోడ్డు దారినే నమ్ముకోండి. రిషీకేశ్ నుంచి జోషీమఠ్‌కు దాదాపు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, ఒక పగలంతా పడుతుంది. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంటే ఔలీ 2,500 మీటర్లకు పైన. చేరిన రోజు విశ్రాంతి తీసుకోండి.

జవాబు: మెహదీపట్నం నుంచి

నేను గుల్మార్గ్‌లో నేర్చుకున్నాను. అక్కడ గొండోలా (కేబుల్ కారు) రెండో దశ 3,900 మీటర్లు దాటుతుంది. అక్కడి నుంచి దిగడం కొత్తవారి పని కాదు, ఎవరు పిలిచినా వెళ్లకండి. కింద, ఊరి పక్కనున్న పచ్చిక మైదానాల వాలు చాలు. పడతామనిపిస్తే వెనక్కి కాదు, పక్కకు కూర్చున్నట్లు పడండి. చేతిలోని కర్ర వదిలేయండి. దాన్ని పట్టుకునే పడితే బొటనవేలు బెణుకుతుంది, నాకు అదే జరిగింది. మబ్బు పట్టినా మంచు కోసం పెట్టుకున్న నల్ల కళ్లజోడు తీయకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ఫిబ్రవరి రెండో వారానికి ఔలీ ఖాయం చేసుకున్నాం. కాళ్లలో బలం కోసం ఆదివారాలు గోల్కొండ మెట్లు ఎక్కుతున్నాం. ఇదంతా చదివి వినిపించానో లేదో, మా అమ్మాయి మేజోళ్లు తొడుక్కుని, హాల్లో నున్నటి బండల మీద మడమలు విడదీసి నిలబడింది. "అమ్మా, నన్ను వెనక నుంచి కొంచెం తొయ్యి" అంటోంది.