ఎవరెంత ఇచ్చారో షీటులో అందరికీ కనపడాలా?

టెన్త్99:
మాది 1999 పదో తరగతి బ్యాచ్. మేం చదివిన హైస్కూల్లో రెండు గదుల స్లాబు కారుతోందని వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెడితే, చందాలేసుకుని బాగుచేయిద్దామనుకున్నాం. డబ్బంతా ఒకరి ఖాతాకి యూపీఐలో వస్తోంది. గుడ్ మార్నింగులు, పుట్టినరోజుల మధ్య "నేను 2,000 వేశా" అన్న మెసేజు కొట్టుకుపోతోంది. ఎంత పోగైందని నలుగురిని అడిగితే నాలుగు లెక్కలు చెప్పారు. అందుకే గూగుల్ షీటులో పేరు, ఫోన్ నంబరు, మొత్తం రాసి లింకు గ్రూపులో పెట్టాను. ఒక స్నేహితుడు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. నలుగురి డబ్బు ముట్టుకున్నప్పుడు లెక్క పేర్లతో సహా బయట ఉండాలనే ఇప్పటికీ అనుకుంటున్నాను. మీరేమంటారు?

చదివింపులబుక్కు:
తప్పేం లేదన్నా. పెళ్ళిలో చదివింపులు పేరూ అంకే రాసి మైకులో చదివే ఊళ్ళు మనవి. గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కిస్తాం. షీటు దానికన్నా నయం. ఏ గడి ఎవరు ఎప్పుడు మార్చారో వెర్షన్ హిస్టరీలో దొరుకుతుంది. నోటుపుస్తకంలో ఒక కాగితం చింపితే ఎవరికి తెలుస్తుంది?

మూడోబెంచి:
ఆ మైకు భయానికే మా అమ్మ కొన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళేది కాదు. మా బ్యాచ్ వసూళ్ళలో నేను 300 వేశాను. ఇంటి ఖర్చులో మిగిల్చి వేసిన డబ్బు అది. షీటులో నా పై వరసలో అమెరికా నుంచి 50,000. ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా తర్వాత అందరూ కలిసిన రోజు నాకు కాలు కదల్లేదు. టెన్త్99 గారూ, మీ స్నేహితుడు అలిగాడని మీరెలా అనుకున్నారు? ఖర్చు మొత్తం చూపించండి, సిమెంటు బిల్లు, మేస్త్రీ కూలి, అన్నిటికీ ఫొటోలు పెట్టండి. ఇచ్చినవాళ్ళ పేర్లతో ఏం పని?

చదివింపులబుక్కు:
పేరు లేకపోతే నేను వేసింది లెక్కలో చేరిందో లేదో ఎలా తెలుస్తుందమ్మా? మా ఊళ్ళో బోరు కోసం వసూలు చేసింది ఎంతో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. అడిగితే "మామీద నమ్మకం లేదా" అన్నారు. ఆ మాట మళ్ళీ పడలేను.

పసుపుపేజీ:
యూపీఐ చెల్లింపుకి 12 అంకెల రిఫరెన్సు నంబరు వస్తుంది కదా. పేరు బదులు దాని చివరి నాలుగు అంకెలు రాయండి. ఎవరి వరస వాళ్ళు వెతుక్కోగలరు, పక్కవాళ్ళది ఎవరిదో తెలియదు.

ఇంకోటి. పాత పుస్తకాల్ని ఆన్‌లైన్లో పెట్టే తెలుగు వికీసోర్స్‌లో నేను అక్షరాలు దిద్దుతాను. స్కాన్ పేజీ చూసి ఒకరు అక్షరాలు సరిచేస్తే ఆ పేజీ పసుపు రంగులోకి వస్తుంది. వేరొకరు మళ్ళీ పోల్చి చూస్తేనే ఆకుపచ్చ. దిద్దిన మనిషే ఆకుపచ్చ చేయబోతే ఆ అవకాశమే ఉండదు. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళం అలా పుస్తకాలు పూర్తిచేస్తున్నాం. ఎవరిమీదా అనుమానంతో పెట్టిన పద్ధతి కాదది. అలిసిన కంటికి అరసున్న కూడా సున్నలాగే కనిపిస్తుంది. మీరూ డబ్బు అందుకుని రాసే పని ఒకరికి, బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చి టిక్కు పెట్టే పని ఇంకొకరికి ఇవ్వండి. మార్చే అనుమతి ఆ ఇద్దరికే. ఫోన్ నంబర్లు మాత్రం ఈ రాత్రే తీసేయండి, లింకు ఎవరెవరికి చేరుతుందో మన చేతిలో లేదు.

మూడోబెంచి:
ఇది బాగుందండీ. నగదు ఇచ్చేవాళ్ళకి రసీదు పుస్తకం వేయించి ఆ నంబరు రాస్తే సరి. ఇసుక మోసినవాళ్ళకి, పని మానుకుని మేస్త్రీ దగ్గర నిలబడినవాళ్ళకి మీ షీటులో వరసే లేదు. వాళ్ళ పేర్లు మటుకు పూర్తిగా రాయండి.

చదివింపులబుక్కు:
పనిచేసినవాళ్ళ పేర్లకి సరే. నాలుగు అంకెల సంగతి సగమే ఒప్పుకుంటాను. పేరు కనపడుతుందంటేనే పెద్ద మొత్తం తీసేవాళ్ళుంటారు. వాళ్ళని వదులుకుంటే స్లాబు ఎప్పటికి అవుతుంది? వాళ్ళకి బడి గోడ మీద పేర్లు చెక్కిన పలకైనా ఉండాలి.

టెన్త్99:
పేర్లు, నంబర్లు తీసేశాను. సరిచూసే పని మా క్లాసు లీడరు ఒప్పుకుంది. స్నేహితుడికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆదివారం వాళ్ళింటికే వెళ్తున్నాను. పలక గురించి గ్రూపులో పోల్ పెట్టాను, వద్దన్నవాళ్ళే ఎక్కువున్నారు ఇప్పటికి. బడిలో పలక పెట్టించినవాళ్ళు ఇక్కడుంటే చెప్పండి, పేర్లు అక్షరక్రమంలో వేయించారా, ఇచ్చినదాన్ని బట్టా?