సమస్యాపూరణం: చచ్చినట్టి బల్లి సత్యమనియె

నిర్వాహకుడు, కొత్తపేట:

ఈ వారం సమస్య ఇదండీ.

చచ్చినట్టి బల్లి సత్యమనియె

ఆటవెలది నాలుగో పాదం నేనిచ్చాను, పై మూడూ మీవి. చ-స యతి ఉంది (పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో జోడు అక్షరం పడడం), సరిచూసుకోండి. గోడ మీద బల్లి పలికితే "అదిగో, సత్యం" అనుకునే ఇళ్ళే మనవన్నీ. బతికున్న బల్లికి ఆ మర్యాద ఉంది. చచ్చిన బల్లి ఎలా పలుకుతుంది? అదే మీరు విప్పాల్సిన చిక్కు.

ఒక షరతు. బల్లి అంటే ఈసారి రాక్షసబల్లి, డైనోసార్. 2025లో "జురాసిక్ వరల్డ్: రీబర్త్" వచ్చినప్పటి నుంచి మనలో మనకి ఒకటే వాదన: 1993లో "జురాసిక్ పార్క్"తో మొదలైన ఆ చిత్రాల వరసని మళ్ళీ మళ్ళీ లేపడం మంచిదా, నిద్రపోనివ్వాలా అని. మొదటి చిత్రానికి రచనలో చెయ్యి వేసిన డేవిడ్ కెప్ దీనికీ రాశాడని ఆశపడ్డవాళ్ళున్నారు, అయినా పాత రుచి రాలేదని నొచ్చుకున్నవాళ్ళున్నారు. ఆ ఆశా ఆ బెంగా పద్యంలోకి రావాలి. తిరుపతి వేంకట కవుల ఊళ్ళు కడియం, ఎండగండి ఉన్న గడ్డ మనది, వాళ్ళ తర్వాత కూడా పూరణకి ఇక్కడ కరువు లేదు. కానివ్వండి.

మండపేట నుంచి:

మొదటి చిత్రమందు మోగిన యా గర్జ
మరల హాలు నిండ మారుమోగ,
పాత చెలిమి నేడు బ్రతికి వచ్చెననగ
చచ్చినట్టి బల్లి సత్యమనియె

నిర్వాహకుడు:

శుభారంభం. యతులు నాలుగూ కుదిరాయి. పూరణలో ముఖ్యమైన కిటుకు మీరు పట్టేశారు: బల్లి ఊరికే సత్యమనదు. ముందు మనిషి ఒక మాట అనాలి, ఆ మాటకి అది సాక్ష్యం. మీరు "పాత చెలిమి బ్రతికి వచ్చె" అన్నారు, అది ఔనంది. తక్కినవాళ్ళందరినీ నేను అడగబోయేదీ ఇదే: మీ బల్లి దేనికి సత్యమంది?

ఒక్క మాట "గర్జ" గురించి. మొదటి చిత్రంలో టీ-రెక్స్ అనే ఆ రాక్షసబల్లి అరుపు ఒక జంతువుది కాదు. ఏనుగు పిల్ల ఘీంకారం, పులి గాండ్రింపు, మొసలి గుర్రు కలిపి శబ్దం చేసేవాళ్ళు కూర్చిన గొంతు. గర్జ అంటే సింహమే గుర్తొస్తుంది. మార్చమని అనను, ఆ అరుపు విని కుర్చీ గట్టిగా పట్టుకున్నవాడికి సింహమే గుర్తొచ్చి ఉండొచ్చు.

అంబాజీపేట కొబ్బరితోట:

కప్ప జీవకణము కలిపి నింపిన కథ
కొత్త పులుసు పాత కుండ లోన
అతుకు లేని దేది యంటి నిట్టూర్చుచు
చచ్చినట్టి బల్లి సత్యమనియె

ఆయ్, నా బెంగ ఇదేనండి. మొదటి చిత్రంలో చెట్టుబంకలో చిక్కిన దోమ కడుపులో నెత్తురు, ఆ నెత్తుట్లో డి.ఎన్.ఏ. దాన్లో ఖాళీలుంటే కప్పది తెచ్చి నింపారు. ఈ వరసలో చిత్రాలూ అంతే. మొదటిదాన్లోంచి ఒక ముక్క తీసుకుని, ఖాళీలన్నిటికీ కప్ప.

నిర్వాహకుడు:

గణాలు నిక్కచ్చిగా ఉన్నాయి. కొ-కు యతి చెల్లుతుంది. భావంలో మాత్రం మీ ఉపమానం మీకే ఎదురు తిరిగింది. పులుసుకి పాత కుండ దొరికితే మన వైపు ఎవరైనా వద్దంటారా? వాడిన మట్టికుండలో కాగిన పులస రుచి కొత్త గిన్నెలో రాదని మీ ఇంట్లోనే చెబుతారు. మీరు తిడదామనుకున్నారు, పద్యం పొగిడింది.

కప్ప సంగతీ అంతే. అన్నీ ఆడవే పుట్టేలా చేశామని అక్కడి శాస్త్రజ్ఞులు ధీమాగా ఉంటే, ఆ కప్ప అంశ వల్లే కొన్ని మగవిగా మారాయి, గుడ్లూ పిల్లలూ పుట్టుకొచ్చాయి. ఎవరూ అనుకోని దారిని జీవం పట్టింది. మొదటి చిత్రానికి గుండెకాయ అదే కదండీ. అతుకు ఉందని నాకు కోపం లేదు, ఆ అతుకులోంచి ఏమీ పుట్టకపోతేనే బాధ. ఆ తేడా పట్టుకుని రెండో పాదం మళ్ళీ రాస్తే ఇది ఈ వారం మేటి పూరణల్లో ఉంటుంది.

లంక కుర్రోడు:

గురువుగారూ, ఇది నా మూడో పద్యం. తప్పులుంటే క్షమించండి.

నల్లరాతి మీద మా యిల్లు గట్టిరి
దాని యీడుదంట తాతబల్లి
ఇరుగుపొరుగు కాదె యిద్దర మనుచుంటి
చచ్చినట్టి బల్లి సత్యమనియె

మా లంకలో తవ్వితే ఇసకా ఒండ్రే గానీ రాయి తగలదండి. పునాదిలోకి నల్లరాయి గౌరీపట్నం నుంచి లారీల్లో తెచ్చారని నాన్న చెప్పారు.

నిర్వాహకుడు:

అబ్బాయ్, నువ్వు ఎక్కడ చెయ్యి పెట్టావో నీకు తెలుసా! ముందు తప్పు చెప్పి, తర్వాత మెచ్చుకుంటాను. మొదటి పాదంలో యతి తప్పింది. "నల్ల"కి "మా" కుదరదు. "నా యిల్లు" అంటే యతి కుదురుతుంది గానీ మన నోటికి రాదు, ఇల్లు ఎప్పుడూ "మా" ఇల్లే. అందుకని ఇల్లు అలాగే ఉంచి రాయిని మార్చుదాం:

మంటరాతి మీద మా యిల్లు గట్టిరి

ఇది యతి కోసం చేసిన సర్దుబాటు మాత్రమే కాదు. కాతేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో ఉన్న ఆ నల్లరాయి చల్లారిన లావా. దక్కను పీఠభూమిని పరిచిన ఆ అగ్నిప్రవాహాలే పాత నదీలోయలు పట్టుకుని ఇంత దూరం వచ్చాయని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళు. రాక్షసబల్లులు కనుమరుగైనదీ అప్పుడే. నువ్వు తెలియక రాసినా "దాని యీడుదంట" అన్నమాట అక్షరాలా నిజం. నీ తాతబల్లి టీ-రెక్స్ అయితే, మీ ఇంటి పునాదికీ దానికీ ఒకే కాలం.

గోదావరికి ఇంకా పాత చుట్టం ఒకటుంది. ఎగువన ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి ఎముకలకి 1988లో కోటాసారస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది, నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ మెడ నొప్పెట్టేదాకా. అది నిజమైన జురాసిక్ కాలపుది. టీ-రెక్స్ చాలా తర్వాతిది, క్రెటేషియస్. కాబట్టి "జురాసిక్" అనే పేరు మీద హక్కు హాలీవుడ్ హీరో కన్నా మన గోదారి బల్లికే ఎక్కువ. అయితే నీ పద్యంలో దీన్ని తీసుకురాకు. మంటరాయికి కోటాసారస్ ఈడు కాదు, ఎన్నో కోట్ల ఏళ్ళు పెద్దది.

మూడో పాదం చదివి చాలాసేపు ఆగాను. ఆశా బెంగా రెండూ లేవు, ఉత్త చనువు ఉంది. అదీ కావాలి.

యానాం రేవు:

అప్పటి నటులంత నవ్వుచు నరుదెంచ
కథకు చోటు లేక కాళ్ళు నొచ్చె
పేరు చూసి నేను పెద్దగా మురిసితి
చచ్చినట్టి బల్లి సత్యమనియె

నిర్వాహకుడు:

2022 నాటి చిత్రం గురించి అనుకుంటాను, మొదటి ముగ్గురినీ మళ్ళీ తెచ్చారు కదా. మొదటి పాదంలో గణాలు సరిపోయాయి. యతి మాత్రం లేదు, "అ"కి "న" కుదరదు. "నాటి నటులు మరల నవ్వుచు నరుదెంచ" అనండి, ఆ దోషం పోతుంది. రెండో పాదం ఎంతో బాగుంది, కథకి కూర్చునే చోటు లేదనడం కొత్త ఊహ. కానీ నా ప్రశ్నకి జవాబు లేదు. మీరు మురిశారు, ఏ మాటా అనలేదు. బల్లి దేనికి సత్యమంది?

రాజోలు పిన్ని:

చూపకుండ భయము చూపిన కనికట్టు
గ్లాసు నీటి వలయ కంపమందు
అదియె చాలు మాకు నంతకు మించేల
చచ్చినట్టి బల్లి సత్యమనియె

నిర్వాహకుడు:

పిన్నిగారూ, మొదటి రెండు పాదాలకి నమస్కారం. ఆ గ్లాసులో నీళ్ళు వణికిన క్షణం ఎలా తీశారో తెలుసా అండీ? కారు ముందుభాగం కింద గిటార్ తీగ కట్టి మీటారు. తీగ కనబడదు, మీటినవాడు కనబడడు, అంత పెద్ద జంతువు అడుగు మాత్రం మనకి కనబడింది. రెండు గంటల పై చిలుకు చిత్రంలో రాక్షసబల్లులు తెర మీద ఉండేది సుమారు పావుగంట. తక్కినదంతా మనం వాటికోసం కాచుకున్న సమయం. కొత్తగా తీసేవాళ్ళు మొదటి పది నిమిషాల్లోనే పావుగంట సరుకు కుమ్మరిస్తున్నారు. నా బెంగ కూడా అచ్చంగా ఇదే.

మూడో పాదంలో చిన్న వ్యాకరణ దోషం. "మించి + ఏల" కలిసి "మించేల" కాదు, "మించి" లాంటి క్త్వార్థపు ("చేసి", "చూసి" వంటి అసమాపక క్రియల) ఇకారానికి సంధి లేదు. "అదియె చాలు మాకు నన్యమేలా యన" అంటే సంధి దోషం పోతుంది, పైగా "అన" చేరి బల్లికి వినిపించాల్సిన మాట స్పష్టమవుతుంది.

రాజోలు పిన్ని:

దిద్దుకున్నాను బాబూ. మా మనవడికి ఆ గ్లాసు దృశ్యం చూపిస్తే "ఇప్పుడేం వస్తుంది?" అని నా చీర కొంగు పట్టుకున్నాడు. అందుకే రాశాను.

ధవళేశ్వరం గట్టు:

కాసు కొరకు మరల కాటిలో తట్టిన
లేచు నొడలు గాని లేవ దుసురు
అన్న నోరు మూయు నంతలో తెర మీద
చచ్చినట్టి బల్లి సత్యమనియె

నిర్వాహకుడు:

ఇదండీ పూరణంటే. "లేచు నొడలు గాని లేవ దుసురు" అని మీరు శపించినట్టుగా అన్నారు. ఆ లేచిన ఒడలే తెర మీద నిలబడి "నిజమే, నాలో ఉసురు లేదు" అని ఒప్పుకుంది. సమస్యలోని విరుద్ధం విడిపోలేదు, ఇంకా గట్టిపడి అర్థవంతమైంది. 2015 చిత్రం లోపల కూడా ఇదే ఒప్పుకోలు ఉంది: మామూలు రాక్షసబల్లులంటే జనానికి మోజు తీరిపోయిందని, ఇంకా పెద్దది, ఇంకా ఎక్కువ పళ్ళున్నదాన్ని ప్రయోగశాలలో తయారుచేస్తారు.

లంక కుర్రోడు:

గురువుగారూ, అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. 2001 తర్వాత 14 ఏళ్ళు ఏమీ రాలేదు. 2015లో వచ్చినదే నేను హాల్లో చూసిన మొదటిది. పార్కు యజమాని మన ఇర్ఫాన్ ఖాన్. ఆయన హెలికాప్టర్ నడుపుతుంటే హాలంతా ఈలలు. గేట్లు తెరుచుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. అది ఉసురు లేని ఒడలు అంటే నేను ఒప్పుకోలేను.

ధవళేశ్వరం గట్టు:

నీకు తొమ్మిదేళ్ళుంటాయేమో అప్పుడు?

లంక కుర్రోడు:

పది.

నిర్వాహకుడు:

ఈ ప్రశ్నకి నా దగ్గర తీర్పు లేదు. పద్యం గొప్పది, అబ్బాయి మాటా కొట్టిపారేసేది కాదు. పదేళ్ళవాడి ముందు తెరుచుకున్న గేటు అతనికి మొదటి గేటే. ఇకపై ఎవరు ఈ వరసని లేపినా నాలాంటివాళ్ళ జ్ఞాపకానికి కాకుండా అలాంటి పదేళ్ళవాళ్ళకి తీస్తే బాగుండునని ఇప్పుడు అనిపిస్తోంది. వారం మొదట్లో ఇలా అనుకోలేదు.

కాట్రేనికోన నుంచి:

ఆలస్యమైంది. చేర్చుకుంటారా?

నాన్న చేయి పట్టి నాడు చూచిన నేను
కూతు చేయి పట్టి కూరుచుంటి
భయము వద్దు, నేను పక్క నున్నానన్న
చచ్చినట్టి బల్లి సత్యమనియె

నిర్వాహకుడు:

చేర్చుకున్నాను. "పక్కనున్నాను" వ్యావహారికం, శిష్టులు ఒప్పుకోరు. నేను మార్చను.

లంక కుర్రోడు:

ఒక్క సందేహమండి. "పక్క నున్నాను" అన్నది మీరు మీ పాపతోనా, మీ నాన్నగారు మీతోనా?

కాట్రేనికోన నుంచి:

మొదట ఆయనే అన్నారు బాబూ. నేను పాపతో అనేటప్పుడు ఆయన గొంతే వచ్చింది.