రికార్డర్‌ని ఇంటి నెట్‌వర్క్‌కి కలపడానికి వైఫై సరిపోతుందా, వైరు లాగాల్సిందేనా?

అద్దెకొంప (కూకట్‌పల్లి):
రెండు బెడ్‌రూముల ఫ్లాట్, అద్దెది. హాల్లో టీవీ, దాని కింద లినక్స్ మీద నడిచే శాటిలైట్ రిసీవర్, మేడ మీద ఉచిత ఛానెళ్ల డిష్. యాదగిరి, సప్తగిరి ఛానెళ్లలో వచ్చే సంగీత కార్యక్రమాలు అమ్మ కోసం రికార్డు చేస్తుంటాను. ఫైబర్ వైరు వెనక బాల్కనీ నుంచి వచ్చింది కాబట్టి రౌటర్ లోపలి గదిలో ఉంది. కంప్యూటర్, దాని పెద్ద హార్డ్‌డిస్క్ కూడా అక్కడే. రిసీవర్‌కి లాన్ పోర్టు ఉంది, వైఫై లేదు. రికార్డింగులు నేరుగా ఆ హార్డ్‌డిస్క్‌లోకి వెళ్లాలి, అమ్మ తన గదిలో ఫోన్లో చూసుకోవాలి. ఇక్కడ గోడకు మేకు కొడితే పై అంతస్తులో ఓనర్ గారికి వినపడుతుంది. యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొంటే చాలునా, క్యాట్ 6 అనే లాన్ వైరు లాగాలా? ఆఫీసులో ఇద్దర్ని అడిగితే నన్ను వదిలేసి వాళ్లలో వాళ్లు వాదించుకుంటున్నారు.

రాగితీగ:
వైరే. ఫోన్ అయితే చేతిలో పట్టుకుని తిరుగుతాం, దానికి వైఫై కావాలి. రికార్డర్ టీవీ కింద నుంచి కదలదు కదా, దానికెందుకు? కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో ఫోన్ తీసి చూడండి, చుట్టుపక్కల రౌటర్ల పేర్లు స్క్రీన్ నిండా వస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. బిల్డింగ్ మొత్తం ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. అమ్మగారి కార్యక్రమం వచ్చే సాయంత్రం టైముకే అందరూ ఇళ్లకు చేరి ఫోన్లు తెరుస్తారు.

గాలిమేడ (మణికొండ):
లెక్క వేస్తే ఈ భయం పోతుంది. మామూలు ఎస్‌డీ ఛానెల్ సెకనుకు 2 నుంచి 4 మెగాబిట్లు. హెచ్‌డీ 8 అనుకున్నా గంటకు 3.6 జీబీ. ఇంతకి వైఫై చాలదా? వైరు వేస్తే గిగాబిట్ వచ్చేస్తుందని మురిసిపోతారు గానీ, చాలా రిసీవర్లలో లాన్ పోర్టే 100 మెగాబిట్లది. ఇరుగుపొరుగు గొడవ వద్దనుకుంటే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. 2018లో మన ప్రభుత్వం ఆ బ్యాండ్‌లో లైసెన్స్ అక్కర్లేని భాగాన్ని బాగా పెంచింది, అక్కడ చోటుకు కరువు లేదు. గోడలు దాటడంలో కాస్త నీరసం, అంతే.

రాగితీగ:
ఆ కాస్త నీరసం దగ్గరే అసలు లొల్లి భయ్యా. మీరు చెప్పింది సగటు లెక్క. వీడియో చూసేటప్పుడు వైఫై రెండు సెకన్లు తడబడినా ముందే తెచ్చిపెట్టుకున్న బఫర్ కాపాడుతుంది. లేదంటే చక్రం తిరుగుతుంది, ఫోన్ మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. డిష్‌లో పడేదాన్ని ఇంకోసారి పంపమని ఉపగ్రహాన్ని అడగలేం కదా! నెట్‌వర్క్ తీసుకోకపోతే రిసీవర్ తన మెమరీలో పట్టినంత పట్టుకుంటుంది, అది నిండాక వచ్చింది వచ్చినట్టు పోతుంది. చరణం మధ్యలో గొంతు తెగుతుంది, బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది, తేరుకునేసరికి చప్పట్లు వినపడతాయి. సగటు 40 మెగాబిట్లు ఉన్నా ఆ ముక్క తిరిగి రాదు.

గాలిమేడ:
ఇది ఒప్పుకుంటాను. కానీ ఇందులో తప్పు వైఫైది కాదు, పక్కగదిలోకి నేరుగా రికార్డు చేయాలన్న ఆలోచనది. రిసీవర్ వెనకే ఒక యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ తగిలించి అందులోకి రికార్డు చేయండి. అర్ధరాత్రి దాటాక వైఫై మీద కంప్యూటర్‌లోకి కాపీ అయ్యేలా పెట్టండి. కాపీ మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఫైలు ఎక్కడికీ పోదు. ఫోన్ నుంచి టైమర్ పెట్టుకోవడానికి, రికార్డయింది చూడటానికి వైఫై దండిగా సరిపోతుంది.

టెర్రస్‌డిష్ (బోడుప్పల్):
వైఫై సరే, డాంగిల్ మాత్రం చూసి కొనండి. డబ్బా మీది పేరు కాదు, లోపలి చిప్ ముఖ్యం. దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం, అంటే డ్రైవర్, మీ రిసీవర్ సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఒకే మోడల్ పేరుతో వెర్షన్ మారితే లోపల చిప్ మారిపోయిన డాంగిళ్లున్నాయి, షాపులో ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఇంకొకటి: యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పక్కనే డాంగిల్ పెడితే ఆ డిస్క్, దాని కేబుల్ చేసే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. మా ఇంట్లో రికార్డింగ్ మొదలవగానే సిగ్నల్ గీతలు పడిపోయేవి. మూర పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు వేసి డాంగిల్‌ని టీవీ వెనక నుంచి బయటికి తెచ్చాక కుదుటపడింది. అసలు డాంగిల్ కంటే పాత రౌటర్ మేలు. ఎవరింట్లో చూసినా అటక మీద ఒకటి పడి ఉంటుంది.

అద్దెకొంప:
ఉందన్నా, రెండు యాంటెన్నాలది. మరి రెండు రౌటర్లయితే ఫోన్లో యాప్‌కి రిసీవర్ కనపడదంటారే?

టెర్రస్‌డిష్:
రెండోదాన్ని రౌటర్‌లాగే నడిపితే కనపడదు. అది తనకంటూ వేరే నెట్‌వర్క్ పెట్టుకుని రిసీవర్‌ని లోపల దాచేస్తుంది. సెట్టింగ్స్‌లో క్లయింట్ లేదా బ్రిడ్జ్ అన్న మోడ్ ఉందేమో చూడండి. అది పెడితే పాత రౌటర్ వైఫై పట్టుకుని లాన్ వైరు ద్వారా రిసీవర్‌కి అందిస్తుంది, ఐపీ అడ్రస్ అసలు రౌటరే ఇస్తుంది. రిపీటర్ మోడ్ జోలికి పోకండి. ఒకే రేడియోతో విని మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం సుమారు సగానికి పడుతుంది. ఫోన్ గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం రౌటర్ విడిగా ఇచ్చే వైఫైలో) ఉన్నా రిసీవర్ కనపడదు, అదీ చూసుకోండి.

తార్నాక మాస్టారు:
ఇవన్నీ ఉచిత ఛానెళ్ల రిసీవర్‌కే వర్తిస్తాయి బాబూ. డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సులో రికార్డు చేసింది మామూలుగా ఆ బాక్సులోనే ఆడుతుంది. ఫైలుకి తాళం వేసి ఉంటుంది, కంప్యూటర్‌లోకి కాపీ చేసినా ప్రయోజనం లేదు. ఇది చదివి ఎవరైనా ఆ బాక్సు కోసం హార్డ్‌డిస్క్ కొంటారేమోనని చెబుతున్నాను. ఇక వైరు సంగతి. పాత బిల్డింగుల్లో టీవీ వైరు కోసం గోడలోనే పైపు వేసి ఉంటారు. అందులో వాడని వైరు ఉంటే దాని చివర కొత్త వైరు కట్టి అవతలి నుంచి లాగొచ్చు, మేకు కొట్టే పనే లేదు.

రాగితీగ:
మాస్టారు గారిదే నా మాట కూడా. పైపు లేకపోతే తలుపు చట్రం వెంబడి పల్చటి ఫ్లాట్ కేబుల్ అంటించొచ్చు, ఓనర్ కంటికి ఆనదు. కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో వైరు కొనేటప్పుడు చివర కాస్త ఒలిచి లోపలి తీగని బ్లేడుతో గీకి చూడండి. పైపూత పోయి తెల్లగా తేలితే అది అల్యూమినియం. రాగి ధర పెట్టి అది తెచ్చుకోకండి.

అద్దెకొంప:
పైపు ఉంది గానీ సగం దూరంలోనే మూసుకుపోయింది. హార్డ్‌డిస్క్ రిసీవర్‌కే పెట్టి, పాత రౌటర్‌ని క్లయింట్‌గా వాడతాను. తలుపు చట్రానికి అంటించే ధైర్యం లేదు, డిపాజిట్ రెండు నెలలది.

రాగితీగ:
మీ ఇల్లు, మీ ఇష్టం. కాపీకి మాత్రం రాత్రి రెండు గంటల టైము పెట్టండి. తెల్లవారుజామున పెడితే అమ్మగారి పొద్దుటి కార్యక్రమం రికార్డింగ్‌తో కలుస్తుంది. ఒకే డిస్క్ అటు రాయడం, ఇటు చదవడం, రిసీవర్ యూఎస్‌బీ పాతదైతే అక్కడా తడబడుతుంది. అప్పుడు మాత్రం వైఫైని తిట్టకండి.