ఎండ కాసే వారంలో మంచు కొండ ఎక్కవచ్చా?

రాతికొండ:
బెంగళూరు నుంచి తొమ్మిది మందిమి జనవరి ఆఖరి వారంలో మనాలి పైనున్న కొండలకు వెళ్లాలని మూడు నెలల కిందటే డబ్బు కట్టాం. అక్కడ మొన్నటిదాకా మంచు గట్టిగా కురిసింది. ఇక ఐదు రోజులు ఎండ, ఈ కాలానికి మించిన వేడి ఉంటాయని వాతావరణ సూచన. మాలో ఆరుగురు ఆకాశం తేటపడింది కదా, ఇంతకంటే మంచి సమయం దొరకదంటున్నారు. నిటారు వాలు మీదుగా శిఖరానికి వెళ్లే రోజును మానుకుందామని నేనంటున్నాను. బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ మీద రాయి ఎండితే కాలు నిలుస్తుంది, తడిస్తే జారుతుంది. అక్కడ తిరిగిన మనకు ఎండంటే ధైర్యం. మంచు మీద ఈ లెక్క తిరగబడుతుందని నా భయం. మీరేమంటారు?

బాటసారి:
అంత భయం అవసరం లేదు. నేను శీతాకాలంలోనే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ఎక్కాను. రాత్రి చలికి మంచు రాయిలా గడ్డకడుతుంది. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి, ఎండ ముదిరేలోపు దిగివచ్చాం. గైడ్లకు ఇది తెలిసిన పనే. దొరక్క దొరికిన సెలవు, కట్టిన డబ్బు వదులుకోవడం ఎందుకు?

తొలిమంచు:
బాటసారి గారూ, ఆ పద్ధతి మంచిదే, కానీ అది సగం ప్రమాదానికే విరుగుడు. ఎండకు పైమంచు కరిగి నీరు లోపలికి ఇంకితే రేణువుల మధ్య పట్టు సడలుతుంది, తడిమంచు జారుతుంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచులోని వేడి పైకి పోయి, అది మళ్లీ బిగుస్తుంది. మబ్బు కమ్మిందంటే సరిగా బిగుసుకోదు. అప్పుడు మూడింటికి లేచినా లాభం లేదు.

మిగతా సగం అడుగున ఉంది. శీతాకాలం మొదట్లో పలచగా పడిన మంచు, చలి రాత్రుల్లో పంచదార పలుకుల్లా మారిపోతుంది. ఆ పలుకులు ఒకదానికొకటి అంటుకోవు. తర్వాత కురిసినది వాటి మీద పలకలా పరుచుకుంటుంది. వేడికి ఆ పలక మెత్తబడితే మనిషి బరువు అడుగు పొరదాకా దిగుతుంది, పలక మొత్తం ఒక్కసారిగా తెగిపోతుంది. ఒక రాత్రి చలికి పైపెంకు గట్టిపడినంత మాత్రాన ఆ అడుగు పొర బాగుపడదు. ఇలా తెగే వాలులు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్యవే. సరదాగా కొండలెక్కేవారి ప్రాణాలు తీసిన మంచు చరియల్లో చాలావాటిని కదిలించింది ఆ జట్టులోని మనుషులే.

బాటసారి:
అడుగు పొర సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ అనుభవమున్న గైడు పక్కన ఉంటే అది చూసుకోడా?

నడక:
2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం మీద మంచు చరియలో చిక్కుకున్నది ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందం. శిక్షకులు వెంటే ఉన్నారు. 27 మృతదేహాలు దొరికాయి. అది శీతాకాలపు ఎండ వల్ల జరిగిందని అనడం లేదు, అనుభవం ఒక్కటే చాలదని చెబుతున్నాను.

మరో మాట. మా ఆఫీసులో ఈ ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు హనుమంతప్ప కొప్పద్‌ను గుర్తుచేస్తారు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో పూడిపోయిన పదిమంది సైనికుల్లో ఆ ధార్వాడ్ జిల్లా వీరుడు ఒక్కరే ఆరో రోజున ప్రాణాలతో దొరికారు. 11న ఆయన కూడా కన్నుమూశారు. ఆ పేరు తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆయన్ను చూపించి మనకూ అలాంటి అదృష్టం ఉంటుందనుకోవడం తప్పు. పూడిపోయినవారిని పావుగంటలోపు తీస్తేనే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే ఆశ వేగంగా తరిగిపోతుంది. హెలికాప్టర్ వచ్చేలోపు తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే.

రాతికొండ:
అందుకే నిన్న నిర్వాహకులకు ఫోను చేశాను. పూడిపోయినవారి జాడ సిగ్నల్‌తో తెలిపే, ఒంటి మీద ధరించే ట్రాన్సీవర్లు లేవు, మంచులో గుచ్చి వెతికే కడ్డీలు లేవు, తొమ్మిది మందికీ కలిపి ఒక్క పార ఉందట. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ విభాగమైన డీజీఆర్ఈ ఇచ్చే మంచు చరియల హెచ్చరిక చూశారా అంటే, అక్కడికెళ్లాక చూద్దామన్నారు. శిఖరానికి నేను వెళ్లను. మావాళ్లలో ఇద్దరు మనసు మార్చుకున్నారు, నలుగురు ఇంకా పట్టుబడుతున్నారు.

బాటసారి:
ఒక్క పారతోనా! అయితే శిఖరం వద్దు. ప్రయాణం మాత్రం మానకండి. దేవదారు అడవిలో నడవండి, 30 డిగ్రీలు దాటని దారి చూసుకోండి. అది చాలదా?

తొలిమంచు:
మీ అడుగు కింద వాలు తక్కువైతే చాలదు, పైన ఏముందో కూడా చూడాలి. నిటారు వాలు నుంచి తెగిన చరియ అడవిలోకీ దిగివస్తుంది. చెట్లు లేని బారు చారలు, ఒకే వైపు కొమ్మలు విరిగిన చెట్లు కనిపిస్తే అది దాని పాత దారి, అక్కడ ఆగకూడదు. రాతికొండ గారూ, నిర్వాహకులను ఫొటోలు కాదు, దారి గీసిన వాలు మ్యాపు అడగండి. ఇక్కడ పెడితే రేపు రాత్రి కూర్చుని చూద్దాం.