మెల్లమెల్లగా తగ్గడానికి ఇంగ్లిష్‌లో ఏ మాట?

ప్రశ్న (నల్లగొండ): గ్రూప్స్‌కు చదువుతున్నాను, ఎస్సేలో పెరగడానికి గ్రో, రైజ్, స్వెల్ అని బోలెడు మాటలు తోస్తాయి గానీ తగ్గడానికి ప్రతిసారీ డిక్రీజ్ ఒక్కటే వస్తోంది. మా బోరు ధార ఎండాకాలం రాగానే రోజురోజుకూ సన్నబడి చిటికెన వేలంత అయి, చివరికి ఉత్త గాలి పోస్తుంది. దీన్నేమనాలి అన్నా?

జవాబు (మిర్యాలగూడ): డ్విండిల్ తమ్ముడూ. కొంచెం కొంచెంగా తరిగి దాదాపు ఏమీ మిగలకపోవడం. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అక్కడి నుంచి దిగుతూ అడుగంటే దాకా వస్తే ఇదే మాట. వరద తీస్తే మాత్రం సబ్‌సైడ్.

జవాబు (మహబూబ్‌నగర్): వేన్ మరవకండి, నాకు చాలా ఇష్టం. పున్నమి తర్వాత చంద్రుడు అమావాస్య దాకా రోజూ కాస్త తరుగుతాడు చూడండి, అదే వేన్. ఒకప్పుడు ఊరంతా మాట విన్న పెద్దమనిషి పలుకుబడి తగ్గినా ఇదే. గాలివాన, నొప్పి నెమ్మదిస్తే అబేట్. డాక్టర్ మాత్రలు ఒక్కసారే ఆపకుండా డోసు తగ్గిస్తూ పోతే టేపర్.

ప్రశ్న అడిగినవారు: అయితే అవర్ బోర్‌వెల్ డ్విండిల్డ్ అని రాయొచ్చా?

జవాబు (మిర్యాలగూడ): బోరు కాదు, తగ్గేది నీళ్లు. ద వాటర్ ఇన్ అవర్ బోర్‌వెల్ డ్విండిల్డ్ టు ఎ ట్రికిల్ అని రాయి. ట్రికిల్ అంటే నువ్వు చెప్పిన ఆ చిటికెన వేలంత ధారే.