వెలుగు తొక్కే ఏతమా, తోడే ఏతమా?

ఎంవీపీ కాలనీ: ఉప్పుమళ్లలో బతికే సూక్ష్మజీవిలోని బాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రోటీన్‌ను మా మాస్టారు "వెలుగు తొక్కే ఏతం" అనేవారు. లేక "తోడే" అనేవారా? నోట్సు పోయింది. రెండు రోజులుగా ఇదే ఆలోచన.

భీమిలి: "తొక్కే" అయి తీరాలి. "వెలుగు తోడే" అంటే ఏతం వెలుగునే తోడుతున్నట్టుంది. తోడేది ప్రోటాన్లను కదా! నీళ్లు తోడే ఏతం దూలం మీద మనిషి నడిచి తొక్కుతాడు. ఇక్కడ ఆ మనిషి వెలుగు. ఫోటాన్ అనే వెలుగు రేణువు తగలగానే ఆ ప్రోటీన్‌లోని రెటినాల్ అణువు 13వ కార్బన్ దగ్గర మెలి తిరుగుతుంది, ఒక ప్రోటాన్ జీవకణం నుంచి బయటికి పోతుంది, కొన్ని మిల్లీసెకండ్లలో దూలం మళ్లీ మొదటికి వస్తుంది.

మద్దిలపాలెం: "అమ్మ తోడే చేద" అంటే అమ్మ చేదతో తోడుతుందనేగా? వెలుగూ అలాగే కర్త కావచ్చు. అసలు చిక్కు "ఏతం"లో ఉంది. "ఎత్తు" నుంచి వచ్చిందంటే మొదటి అచ్చుకు దీర్ఘం ఎందుకు, తకారం ఒంటిది ఎందుకు? తమిళంలో ఏఱ్ఱం. ఎక్కడమనే అర్థమున్న ఏఱు దాని ధాతువు.

పెందుర్తి: అక్కడే మీ వాదం నిలవదు గురువుగారూ. తమిళ చుఱ్ఱు మనకు చుట్టు, పఱ్ఱు పట్టు, పుఱ్ఱు పుట్ట. ఆ లెక్కన ఏతంలోనూ టకారం రావాలి. కన్నడంలోనైతే సుత్తు, హుత్త, ఏత. కన్నడం మీదుగానే మనకు వచ్చిందని నా నమ్మకం.

మద్దిలపాలెం: మా తాతగారు "యాతం" అనేవారు. దానికేమంటారు?

భీమిలి: ఇంకో మాట. వెలుగుతో పనిచేసే ఇలాంటి ప్రోటీన్లన్నిటినీ ఏతం అనకండి. హాలోరొడాప్సిన్ ఏతమే, క్లోరైడ్‌ను లోపలికి తోడుతుంది. ఏకకణ నాచు క్లామిడోమోనాస్‌లోని చానెల్‌రొడాప్సిన్ మాత్రం తూము. వెలుగు తలుపు ఎత్తితే చాలు, అయాన్లు పల్లానికి వాటంతట అవే పారతాయి. 2005లో నాడీకణాలను వెలుగుతో పలికించింది ఆ తూమే.

గాజువాక: మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ బి.ఏ.లో చదివింది జంతుశాస్త్రమే. ఆయన కవితలను పైకి చదివినవారికి ద్విత్వం బలం తెలుసు. "తొక్కే" దగ్గర నాలుక ఆగి అడుగు వేస్తుంది. "తోడే" జారిపోతుంది.

పెందుర్తి: చెవే సాక్ష్యమైతే నాకు "తోడే"లో తోడు కూడా వినిపిస్తుంది. ఏతానికి వెలుగు తోడు. అంతకన్నా చక్కని మాట ఏముంది?

ఎంవీపీ కాలనీ: ఒకటి గుర్తొచ్చింది. ఆ మాట అంటూ మాస్టారు వేదిక మీద రెండడుగులు ముందుకు, రెండు వెనక్కి వేసేవారు.

మద్దిలపాలెం: అడుగులు సరే. ఆయనది ఏ ఊరు? ఏతం అనేవారా, యాతం అనేవారా?