హెచ్‌ఈసీ విద్యార్థి సీయూఈటీ ఫారంలో ఏ సబ్జెక్టులు పెట్టాలి?

ఖమ్మం_అన్న:
మా తమ్ముడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) సెకండియర్, తెలుగు మీడియం. ఢిల్లీ యూనివర్సిటీ (డీయూ)లో ఎకనామిక్స్ ఆనర్స్ గానీ పొలిటికల్ సైన్స్ ఆనర్స్ గానీ చదవాలని ఉంది వాడికి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వచ్చినా సంతోషమే. వీటికి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలట. సీయూఈటీ ఫారంలో ఏ సబ్జెక్టులు పెట్టాలి? తెలుగులో రాయొచ్చా? ఇంటర్ పుస్తకాలు సరిపోతాయా? మాది బీసీ-డీ, ఉన్న క్యాస్ట్ సర్టిఫికెట్ చెల్లుతుందా? రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీల అడ్మిషన్ పోర్టల్ దోస్త్‌లో కూడా పెట్టి ఉంచాలా? కాలేజీలో అడిగితే ఎంసెట్, నీట్ తప్ప ఇంకేం చెప్పట్లేదు.

పౌరశాస్త్రం_గది:
అన్నా, ఎకనామిక్స్ ఆనర్స్ ఆశ ఇప్పుడే వదిలేయమనండి. డీయూలో ఆ కోర్సుకి సీయూఈటీలో మ్యాథ్స్ పేపరు తప్పనిసరి. భాష ఒకటి, మ్యాథ్స్, ఇంకో రెండు సబ్జెక్టులు కలిపి మెరిట్ లెక్కేస్తారు. పైగా ఇంటర్లో పాసైన సబ్జెక్టులే సీయూఈటీలో రాయాలని డీయూ షరతు. టెన్త్‌తో లెక్కలు ఆపేసిన హెచ్‌ఈసీ పిల్లాడికి అక్కడ దారి లేదు. చాలామందికి ఈ సంగతి రిజల్ట్ వచ్చాక, కోర్సుల జాబితాలో ఎకనామిక్స్ కనపడనప్పుడు తెలుస్తుంది. ఎకనామిక్స్ వదలలేనంటే బీఏ ప్రోగ్రామ్‌లో ఇంకో సబ్జెక్టుతో జోడీగా దొరుకుతుంది. దాని షరతులు ఆ ఏడాది బులెటిన్‌లో చదువుకోండి.

పొలిటికల్ సైన్స్, హిస్టరీ ఆనర్స్‌కి ఆ గొడవ లేదు. ఒక భాష, మూడు సబ్జెక్టులు చాలు. పేపరుకి 250 చొప్పున మొత్తం 1000. 2025 నుంచి ఎక్కువలో ఎక్కువ ఐదు పేపర్లే రాయనిస్తున్నారు. మీ వాడికి నేనైతే ఇవి పెడతాను: ఇంగ్లిష్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, జనరల్ టెస్ట్. మన సివిక్స్‌కి అక్కడి పేరు పొలిటికల్ సైన్స్, జాబితాలో సివిక్స్ అని వెతక్కండి. డీయూ పొలిటికల్ సైన్స్‌కి మొదటి నాలుగే సరిపోతాయి, ఐదోది మిగతా యూనివర్సిటీల కోసం. సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) వాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట: మన కామర్స్ అక్కడ అకౌంటెన్సీ, బిజినెస్ స్టడీస్ అని రెండు పేపర్లుగా విడిపోతుంది.

తెలుగు విషయంలో ఫారంలో రెండు వేర్వేరు గడులున్నాయి, కలిపేసుకోకండి. తెలుగును భాషా పేపరుగా ఎంచుకోవడం ఒకటి, హిస్టరీ లాంటి పేపర్లకు మీడియంగా తెలుగు పెట్టుకోవడం ఇంకొకటి. 13 భాషల్లో తెలుగు ఉంది కాబట్టి రెండూ కుదురుతాయి. ఇంగ్లిష్ బదులు తెలుగు భాషా పేపరు రాస్తే మీ వాడికి మార్కులు ఎక్కువ రావచ్చు, పొలిటికల్ సైన్స్‌కి డీయూ దాన్ని ఒప్పుకుంటుంది కూడా. కాకపోతే ఇంగ్లిషే కావాలనే కోర్సులన్నీ చేజారతాయి. సెంట్రల్ యూనివర్సిటీ కూడా మనసులో ఉందంటున్నారు కాబట్టి, అక్కడి ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏకి ఏ పేపర్లు అడుగుతున్నారో చూశాకే ఈ గడి నింపండి. డీయూ జాబితా అక్కడ పనికిరాదు.

పాత_సిలబస్:
సిలబస్ సంగతి నేను చెప్తాను, అసలు దెబ్బ తినేది అక్కడే. సీయూఈటీ సబ్జెక్టు పేపర్లన్నీ ఎన్‌సీఈఆర్‌టీ (సీబీఎస్‌ఈ బడుల్లో చదివే పుస్తకాలు) పన్నెండో తరగతి మీద ఉంటాయి. మన ఇంటర్ బోర్డు పుస్తకం మీద కాదు.

అన్నిటికంటే మోసం చేసేది సివిక్స్. సెకండియర్‌లో మన పిల్లలు భారత రాజ్యాంగం, పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వాలు చదువుతారు. ఎన్‌సీఈఆర్‌టీలో అది పదకొండో తరగతి పాఠం. పన్నెండులో సోవియట్ యూనియన్ పతనం, అంతర్జాతీయ సంస్థలు, స్వాతంత్ర్యం తర్వాత దేశ రాజకీయాలు (సంస్థానాల విలీనం, ప్రణాళికలు, ఎమర్జెన్సీ) ఉంటాయి. ఇంటర్లో వందకి తొంభై తెచ్చుకున్నవాడు కూడా ఈ పేపరు చూసి బిత్తరపోతాడు. హిస్టరీ మూడు భాగాలు: హరప్పా నుంచి రాజ్యాంగ సభ దాకా. అల్ బిరూనీ, ఇబ్న్ బతూతా లాంటి యాత్రికులకు ఒక అధ్యాయం, విజయనగరానికి ఒకటి. బొమ్మ కింద రాసిన వాక్యం, పక్కన పెట్టెలో ఇచ్చిన మూలపాఠం కూడా వదలకూడదు. ఎకనామిక్స్ మాత్రం కొంత నయం. సూక్ష్మ, స్థూల భావనలు ఎక్కడైనా అవే.

పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీ సైట్లో ఉచితం, కానీ తెలుగులో లేవు. ఇంగ్లిష్ పుస్తకం పక్కన ఒక నోట్సు పెట్టుకుని, ప్రతి అధ్యాయానికీ ముఖ్యమైన మాటలు ఎడమవైపు ఇంగ్లిష్‌లో, కుడివైపు తెలుగులో రాసుకోమనండి. తెలుగు మీడియం పెట్టుకున్నా ఇది తప్పదు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నదే చెల్లుబాటు.

పేపరుకి 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, అన్నీ తప్పనిసరి. ఒప్పుకి 5, తప్పుకి మైనస్ 1. మైనస్ అనగానే భయపడి మనవాళ్లు ఖాళీగా వదిలేస్తారు. లెక్క వేసి చూడండి: నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెట్టినా సగటున అర మార్కు లాభమే. ఒక ఆప్షన్ తప్పని తేలిందంటే సగటు లాభం ఒక మార్కు. కాబట్టి ఒక్కటీ వదలొద్దు.

మీసేవ_దగ్గర:
బీసీ-డీ సర్టిఫికెట్ ఉన్నది ఉన్నట్టు చెల్లదు. కేంద్ర విద్యాసంస్థలకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (ఆదాయ పరిమితి దాటని ఓబీసీలకిచ్చే) సర్టిఫికెట్ కావాలి, అదీ కేంద్ర ఫార్మాట్‌లో. రాష్ట్ర జాబితాలో బీసీ అయిన కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. అందుకని ముందు జాతీయ బీసీ కమిషన్ సైట్లో తెలంగాణ జాబితా తెరిచి మీ కులం పేరు వెతకండి. ఉంటే మీసేవలో దరఖాస్తు చేయండి, తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. ఆ ఆర్థిక సంవత్సరానిదై ఉండాలని అడుగుతారు కాబట్టి ఏప్రిల్ 1 దాటాక తీసుకోవడం మంచిది. ఆదాయ పరిమితి 8 లక్షలు, అయితే అమ్మానాన్నల జీతం, వ్యవసాయ ఆదాయం అందులో కలపరు. ఇది తెలియక జీతం చూసి మాకు రాదనుకునేవాళ్లు చాలామంది. (ఓసీలకిచ్చే ఈడబ్ల్యూఎస్‌లో మాత్రం అన్ని ఆదాయాలూ కలుపుతారు. ఐదెకరాల పొలం ఉన్నా రాదు.)

ఇంకోటి, పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఫారంలో టెన్త్ మెమోలో ఉన్నట్టే నింపి, ఆధార్‌ను దానికి తగ్గట్టు ముందే మార్పించుకోండి. ఫారం తెరిచాక మీసేవ చుట్టూ తిరిగితే టైం చాలదు.

రౌండ్_టూ:
పరీక్ష రాస్తే సీటు దానంతట అదే రాదు. పరీక్ష పెట్టే సంస్థ ఎన్‌టీఏ ఇచ్చేది స్కోరు మాత్రమే. ప్రతి యూనివర్సిటీ పోర్టల్లో మళ్లీ విడిగా రిజిస్టర్ కావాలి. డీయూకైతే సీఎస్ఏఎస్ అనే పోర్టల్. జనరల్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్లకి 250 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 100. మొదటి దశలో వివరాలు, రెండో దశలో కాలేజీ-కోర్సు జంటలుగా ప్రాధాన్యాలు. ఎన్నయినా పెట్టొచ్చు, వంద దాటినా పర్లేదు. పేరున్న ఐదు కాలేజీలు పెట్టి ఊరుకున్నవాడికే సీటు రాకుండా పోతుంది. డీయూలో రాష్ట్ర కోటా లేదు, ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు. ఇద్దరికి స్కోరు సమానమైతేనే ఇంటర్లో బెస్ట్ మూడు సబ్జెక్టుల శాతం చూస్తారు.

సీటు వచ్చాక గడువులోగా యాక్సెప్ట్ నొక్కి ఫీజు కట్టకపోతే మొత్తం ప్రక్రియ నుంచే బయటికి పోతారు. ఆ తర్వాత ఫ్రీజా (ఇదే సీటు చాలు), అప్‌గ్రేడా (పైది దొరికితే మారతాను) అని పోర్టల్ అడుగుతుంది. అప్‌గ్రేడ్ పెడితే పైనున్న ప్రాధాన్యం దొరికిన క్షణంలో పాత సీటు రద్దవుతుంది, వెనక్కి రాదు. కాబట్టి ఇప్పుడు వచ్చినదాని కంటే నిజంగా ఇష్టమైనవే పైన ఉన్నాయో లేదో చూసుకుని నొక్కాలి.

దోస్త్ తప్పకుండా పెట్టండి, రిజిస్ట్రేషన్ 200 రూపాయలే. సీటు వచ్చాక ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే అదీ పోతుంది. దోస్త్ ముందు, డీయూ తర్వాత నడుస్తాయి. ఒరిజినల్ టీసీ ఇక్కడి కాలేజీలో ఇచ్చేస్తే సీటు రద్దు చేసుకుని దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి పట్టే రోజులు కూడా లెక్కలో పెట్టుకోండి. డీయూ సీటుతో పాటే హాస్టల్ రాదు. గది అద్దె, మెస్ ఖర్చు ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

ఖమ్మం_అన్న:
అందరికీ థ్యాంక్స్. ఎకనామిక్స్ ఆనర్స్ పోయినట్టే, పొలిటికల్ సైన్స్ మొదటి ప్రాధాన్యం. ఒక్క డౌటు: జనరల్ టెస్ట్ తీసేసి ఐదో పేపరుగా తెలుగు పెడితే?

పౌరశాస్త్రం_గది:
డీయూ ఒక్కటే అయితే పెట్టేయండి. ఇంగ్లిష్, తెలుగు రెండూ రాస్తే ఎందులో ఎక్కువ వస్తే అది భాషగా లెక్కకొస్తుంది. మిగతాచోట్ల జనరల్ టెస్ట్ అడిగే కోర్సులుంటాయి. సెంట్రల్ యూనివర్సిటీ పేజీలో అది అడగలేదని చూశాకే తీసేయండి.